ఫొటో కదిలింది!

మన ఇళ్ళలో ఫొటో పాడైందని చెప్పడానికి ఒకటే మాట ఉన్నది: "కదిలింది!" పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తూ అత్తగారు ఆ మాట అన్నారంటే ఇక దానిమీద అప్పీలు లేదు. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి "కదలకండి!" అని గద్దించిన రోజులనుంచి వచ్చిన తీర్పు ఇది. పందొమ్మిదో శతాబ్దంలో అయితే మనిషి కదలకుండా తల వెనకాల ఇనుప పట్టీ కూడా ఆనించేవారు. ఆనాటి ఫొటోల్లో పెద్దలంతా అల్లా బిగుసుకుని కూర్చోవడంలో వింతేమీ లేదు.

నేను చెప్పబోయేది దీనికి అడ్డం తిరిగిన మాట. కదిలేదాన్ని ఫొటో తీసినప్పుడు ఫొటోలో కొంత కదలాలి. ఏది కదలాలో, ఏది నిలవాలో తీసేవాడు తేల్చుకోవాలి, అంతే.

అందుకు పనిముట్టు షట్టరు. అది కెమేరాకు తలుపు. అది తెరిచి ఉన్నంతసేపూ ఎదుట జరిగినదంతా ఒకే బొమ్మమీద పడుతుంది. 1838లో పారిస్‌లో డాగెర్ ఒక ఎత్తయిన కిటికీలోంచి కిందనున్న పెద్ద వీధిని ఫొటో తీశాడు. ఆనాటి పలకమీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. బండ్లూ జనమూ తిరిగే వీధి అది; బొమ్మలో చూస్తే నిర్మానుష్యం! నడిచేవాళ్ళెవరూ ఒకచోట నిలవలేదు గనుక ఎవరి ముద్రా పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒక పెద్దమనిషి మాత్రం మిగిలాడు. ఫొటోలో కనిపించే మొట్టమొదటి మనిషి అతడేనని చాలామంది చరిత్రకారుల మాట. బూట్లకు మెరుగు పెట్టించుకోబోయి చరిత్రకెక్కాడన్నమాట!

ఇప్పటి కెమేరాలు సెకనులో నాలుగువేలవ వంతులో కూడా తలుపు తెరిచి మూసేస్తాయి. దానితో చిక్కు మరోవైపునుంచి వచ్చింది. సైకిలు సంగతి చూడండి. గంటకు 15 కిలోమీటర్లు పోయే సైకిలు సెకనుకు నాలుగు మీటర్లపైన పోతుంది. సెకనులో 500వ వంతులో అది కదిలేది 8 మిల్లీమీటర్లే. ఆ వేగంతో తీస్తే ఆకులు లెక్కపెట్టుకోవచ్చు గాని, తొక్కే కుర్రవాడు స్టాండు వేసిన సైకిలుమీద కూర్చున్నట్టు ఉంటాడు. 30వ వంతుకు తగ్గిస్తే సైకిలు 14 సెంటీమీటర్లు జరుగుతుంది. కెమేరా కదలకుండా పట్టుకుంటే కుర్రవాడు చెరిగిపోయిన ముగ్గులా పడతాడు.

అదే 30వ వంతులో కెమేరాను కూడా కుర్రవాడితో సమంగా తిప్పారనుకోండి, కథ మారిపోతుంది. కెమేరా దృష్టిలో ఇప్పుడు అతను నిలిచే ఉన్నాడు, పరుగెత్తుతున్నది వీధి! కుర్రవాడి ముఖం స్పష్టంగా, వెనకాల గోడలూ కొట్లూ చారలుగా పడతాయి. దీనికి నిలబడే పద్ధతి ముఖ్యం. మీట నొక్కబోయే చోటికి ఎదురుగా పాదాలు పాతుకుని, సైకిలు దూరంగా ఉన్నప్పుడే నడుము తిప్పి దాన్ని అందుకోవాలి. నొక్కిన తర్వాత కూడా తిరగడం ఆపకూడదు. కర్రాబిళ్ళ ఆటలో దెబ్బ తగిలాక కూడా చెయ్యి ముందుకు సాగుతుందే, అల్లాగన్నమాట. మా సందులో ఒక ఆదివారం సాయంత్రమంతా ఇదే పని. పిల్లలు తొక్కీ తొక్కీ అలసిపోయారు. నాకు నడుము పట్టింది.

సాయంత్రమే ఎందుకంటే, తలుపు ఎక్కువసేపు తెరిస్తే వెలుతురూ ఎక్కువే వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 పెట్టి, కటకం రంధ్రాన్ని ఎఫ్/22 దాకా మూసినా 60వ వంతు చాలు. అంతకు మించితే బొమ్మ సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. మబ్బుకో పొద్దువాలడానికో ఆగాలి. లేదా కటకానికి చలవ కళ్ళద్దం తగిలించాలి. ఎనిమిదో వంతు వెలుతురే రానిచ్చే బూడిదరంగు అద్దాలు దొరుకుతాయి. వాటితో 60వ వంతు కాస్తా దాదాపు 8వ వంతు అవుతుంది. సెల్‌ఫోనుతో తీసేవారికి చాలా ఫోన్లలో రంధ్రం చిన్నది చేసే వీలుండదు గనుక తక్కువ వెలుతురే శరణ్యం.

నాకు ఇదంతా అవసరపడింది మా పెద్దమ్మ కోసం. మా బంధువుల్లో ఇంకా కవ్వంతో చల్ల చిలికేది ఆవిడ ఒక్కతే. "వచ్చే సంక్రాంతికి గేదెను తోలేస్తానురా, ఇక నావల్ల కాదు" అని కబురు చేసింది. వెంటనే బయలుదేరాను. తెల్లవారుజామున, పెరటి వసారాలో, గుంజ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కెమేరాను ముక్కాలిపీటమీద పెట్టాను.

ముందు ఐ.ఎస్.ఓ. 6400కు పెంచి 250వ వంతులో తీశాను. గాజుల నగిషీతో సహా వచ్చింది. మా మేనల్లుడు చూసి, "అమ్మమ్మ దేన్ని కట్టేస్తోంది, మామయ్యా?" అన్నాడు. వాడి తప్పు లేదు. ఆ బొమ్మలో ఉన్నది తాడు పట్టుకున్న ముసలావిడ, అంతే. రంధ్రం మూసి ఒక సెకను తెరిచి చూస్తే చేతులే మాయమైనాయి. చివరికి ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్/8, సెకనులో నాలుగో వంతు దగ్గర కుదిరింది. తాడు ఒక కొసకు వచ్చి మళ్ళీ వెనక్కు తిరిగేముందు చెయ్యి రెప్పపాటు ఆగుతుంది. అక్కడ మీట నొక్కితే చెయ్యి బయలుదేరిన చోట వేళ్ళు తెలుస్తాయి, పోయిన దారి పొగలా పడుతుంది. కవ్వం బొంగరమైంది. కుండలో నురుగు తిరుగుతున్నట్టే ఉంది. నలభై తీస్తే పెద్దమ్మ ముఖం చెదరకుండా నిలిచినవి మూడే.

మూడూ అచ్చు వేయించి పట్టుకెళ్ళాను. మా అక్కయ్య అలవాటు ప్రకారం "కదిలిందిరా" అన్నది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"చేతులు కదలకపోతే వెన్నెట్లా పడుతుందే?" అన్నది అక్కయ్యతో. తర్వాత నావైపు తిరిగి, "నా ముక్కుపుడక బాగా వచ్చింది. హైదరాబాదులో పిల్లకొకటి పంపు" అన్నది.