మీకు తెలుసా? బీచ్‌లో గొడుగు కిందా ఎండ తగులుతుంది

విశాఖ రుషికొండ తీరంలో గాలి హాయిగా వీస్తుంటే ఎండ తీవ్రత తెలియదు. అసలు ప్రమాదం అక్కడే. పలుచని మబ్బు పట్టినా అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగం కిందికి దిగుతూనే ఉంటుంది. ఇసుక కూడా వాటిలో కొంత మన మీదికే తిప్పికొడుతుంది. అందుకే గొడుగు నీడలో కూర్చున్నా చర్మం కందిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ 2 గంటలకోసారి, నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి.

సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా మంచినీళ్లు, కొబ్బరినీళ్లు, ఉప్పు కలిపిన మజ్జిగ తాగుతుండాలి. బీరు మాత్రం వద్దు, అది ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ అనుకోవాల్సిందే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక్క మాట. అలలు విరిగే చోట్ల నడుమ నిమ్మళంగా కనిపించే పాయలోకి దిగకండి. లోపలికి లాగే రిప్ కరెంట్ తరచూ అలాగే ఉంటుంది. చిక్కుకుంటే ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడండి.