తెల్లారగట్ల గాలి లెక్క

యానాం అనగానే పులస గుర్తొస్తుంది. గౌతమి వరదకు ఎదురీదే ఆ చేపకు గాలి కొరత లేదు. పారే నీరే దానికి ఊపిరి. ఊరు దాటి తాళ్లరేవు వైపో, ఐ.పోలవరం వైపో వెళితే కనిపించే చెరువుల్లోని రొయ్యకు ఆ భాగ్యం లేదు. దానికి ఏరియేటర్ తిరగాల్సిందే.

మరి ఎన్ని పెట్టాలి? 'ఎకరానికి ఇన్ని' అని చెప్పేస్తుంటారు చాలామంది. గాలి పీల్చేది ఎకరం కాదు కదా! చూడాల్సింది రొయ్యల బరువు. ఎకరంలో లక్ష వనామీ పిల్లలు వదిలారనుకుందాం. 70 శాతం బతికి, ఒక్కోటీ 20 గ్రాములకు, అంటే 50 కౌంటుకు వస్తే మొత్తం 1,400 కిలోలు. ఒక హార్స్‌పవర్‌కు సుమారు 400 కిలోలన్నది సాగులో వాడుక లెక్క. అంటే మూడున్నర. రెండు హెచ్‌పీల యంత్రాలు రెండు కావాలన్నమాట. అదే చెరువులో రెండు లక్షలు వదిలితే నాలుగు. పిల్ల దశలో ఇన్ని అక్కర్లేదు, బరువు పెరిగేకొద్దీ పెంచుకోవచ్చు.

ఇంట్లో అక్వేరియానికీ ఇంతే. తొట్టి ఎంతుందని కాక, అందులో ఎన్ని చేపలున్నాయని చూడాలి. బుడగలు అందంగా కనిపిస్తాయి గానీ, ఎక్కువ ప్రాణవాయువు కలిసేది అవి పైనీటిని కదిలించడం వల్లే.

అసలు గండం రాత్రిది. పగలు నీటిలోని పచ్చటి నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. చీకటి పడగానే అదీ పీల్చుకునే వాటాదారే. అడుగు బురద సరేసరి. ఎకరంలో నాలుగడుగుల నీరుండి, లీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఉన్నా మొత్తం ప్రాణవాయువు పాతిక కిలోలే. రాత్రంతా ఇందరూ పంచుకోవాలి. పైగా వేడి నీరు తక్కువ పట్టుకుంటుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ.

తెల్లారగట్లకు అది 3 మిల్లీగ్రాముల కిందికి జారిందంటే ప్రమాదమే. ముందురోజు మబ్బు పట్టి, ఆ వేళకే కరెంటు పోయిందా... రొయ్యలు గట్టు వెంట చేరి తేలిపోతాయి. నెలల తరబడి వేసిన మేత, తెచ్చిన అప్పు గంటల్లో నీళ్లపాలు.

అందుకే అనుభవం ఉన్న రైతు జనరేటర్‌ని సాయంత్రమే ఓసారి తిప్పి, డీజిల్ చూసుకునిగానీ భోజనానికి కూర్చోడు.