పాప పడుకున్న వేళ పూసల పని

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంట్లోనే చేతినగలు చేసి అమ్మే తల్లికి పూసలూ దారాలూ డబ్బు పెడితే దొరుకుతాయి. దొరకనిది సమయం. ఆ సమయానికి కట్టే లెక్కను బట్టే వ్యాపారం నిలబడుతుంది, లేదా నష్టపోతుంది.

చేతినగల వ్యాపారానికి దుకాణం అద్దె లేదు, పెద్ద యంత్రంతో పని లేదు. రెండు మూడు రకాల ప్లయర్లు, కత్తెర, జిగురు, దారపు రీళ్లు, పూసల డబ్బాలు, ఫొటోలు తీయడానికి ఒక ఫోను ఉంటే చాలు. సిల్క్ థ్రెడ్ గాజులు, పూసల దండలు, నల్లపూసలు, బుట్టకమ్మలు, మాటీలు, పాపిట బిళ్లలు, టెర్రకోట కమ్మలు, పసుపు వేడుకకు పూల నగలు ఈ పనిలో ముఖ్యమైన రకాలు. ఇవి బంగారం కావు. చీర రంగుకు కలిసేలా, ఒక్కరి కోసమే చేసినట్టు ఉండడం వీటి విలువ. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన నగ ఎంత చవకైనా, పెళ్లికూతురి చీర అంచులోని రంగును పట్టుకుని దానికి సరిపడే గాజు చేసి ఇవ్వలేదు. చేతిపని చేసే మనిషికి చోటు అక్కడే ఉంది.

పసిబిడ్డ ఉన్న తల్లికి ఈ పని నచ్చడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. గడప దాటక్కర్లేదు, పనివేళలు తన చేతిలో ఉంటాయి, పెట్టుబడి కొద్దికొద్దిగా పెట్టుకోవచ్చు. కానీ ఇంట్లో చేసే పని కాబట్టి తీరికవేళ పనే అనుకోవడం ఇంట్లోవాళ్లకూ, కొనేవాళ్లకూ, చివరికి చేసే మనిషికీ అలవాటైపోతుంది. ఈ వ్యాపారంలో కష్టాలు చాలావరకు ఆ అలవాటు నుంచే పుడతాయి.

డెల్టాలో నగల దారి

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుమార్గం మీద భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాల్లో శాసనాలున్న ధాతుకరండాలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, పూసలు, ముత్యాలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వమే ఈ కృష్ణా డెల్టాలో పూస గుచ్చే చేతికీ, బంగారు రేకును పువ్వుగా మలిచే చేతికీ విలువ ఉండేది.

ఇప్పటి వ్యాపారానికి దగ్గరి చుట్టం కృష్ణకు అవతలి ఒడ్డున ఉంది. మచిలీపట్నంలోని చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరుపొందింది. రాగి, ఇత్తడి వంటి లోహాలమీద పలుచని బంగారు పూత వేసి నగలు చేయడం అక్కడ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. మచిలీపట్నం, రేపల్లె, బాపట్లలను 216వ జాతీయ రహదారి కలుపుతుంది. పెనుమూడి-పులిగడ్డ వంతెన వచ్చాక నది అడ్డు కూడా తొలగింది. తెనాలికి విజయవాడ రైలులో దగ్గర. అక్కడి వన్‌టౌన్ హోల్‌సేల్ బజారులో కుందన్లు, స్టోన్ చెయిన్లు, గాజుల మట్టలు, హుక్కులు, జంప్ రింగులు దొరుకుతాయి. అంటే ఈ మూడు ఊళ్లకూ ముడిసరుకు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలోనే ఉంది. ఆ ఒక్క రోజు బిడ్డను చూసేవాళ్లు ఉంటే నెలకు సరిపడా సరుకు ఒకేసారి తెచ్చుకోవచ్చు. ప్రతి ఆర్డరుకూ విడిగా కొంటే ప్రయాణ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

ముక్కలు చేయగలిగిన పని

సిల్క్ థ్రెడ్ గాజు తయారీని గమనిస్తే పని స్వభావం అర్థమవుతుంది. ముందు దారపు పోగులు కొన్ని కలిపి పేటగా చేస్తారు. మట్టగాజు లోపలివైపు కొస అంటించి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, సందు లేకుండా చుట్టుకుంటూ వస్తారు. చివరి కొస మళ్లీ లోపలే అంటించి ఆరనిస్తారు. ఆ తర్వాత అంచులకు బాల్ చెయిన్, మధ్యలో కుందన్లు అతుకుతారు. వీటిలో పేట తీయడం, రాళ్లను రంగులవారీగా వేరుచేయడం మధ్యలో ఆపినా పాడయ్యేవి కావు. దారం చుట్టేటప్పుడు చేయి వదిలితే బిగువు పోతుంది. జిగురు పెట్టాక రాయి అతికే దాకా లేవకూడదు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఒక్కో సెట్టునూ మొదలుపెట్టి ముగించే పద్ధతి మానేసి, ఒకే రకం పనిని ఒక విడతలో చేస్తారు. ఒక రోజు పది గాజులకు చుట్టడం, మరో రోజు పదింటికీ రాళ్లు అతకడం. ఆగితే పాడయ్యే పని పాప నిద్రపోయే వేళకు, ఆగినా ఫర్వాలేని పని ఇంట్లో మరో మనిషి ఉన్న వేళకు కేటాయించుకుంటారు.

ఆ నిద్ర వేళ ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల లోపు పసికందుకు రోజుకు 14 నుంచి 17 గంటల నిద్ర అవసరం. 4 నుంచి 11 నెలల మధ్య 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల వయసులో 11 నుంచి 14, మూడు నాలుగేళ్లకు 10 నుంచి 13 గంటలు చాలు. తొలి నెలల్లో నిద్ర ఎక్కువే, కానీ తునకలు తునకలుగా వస్తుంది. పాలివ్వడం, తల్లి ఒళ్లు కోలుకోవడం ఆ వేళలోనే జరగాలి. కాబట్టి ఆ రోజుల్లో ఆర్డర్లు పెంచుకోవడం తగదు. ఏడాది దాటాక మధ్యాహ్నపు నిద్ర ఒక వేళకు కుదురుకుంటుంది. నిఖార్సైన పనివేళ అప్పుడు దొరుకుతుంది. అలా రోజుకు రెండు గంటలు దక్కినా వారానికి 14 గంటలు. ఎన్ని ఆర్డర్లు ఒప్పుకోవాలో ఆ సంఖ్యే చెప్పాలి.

కొలతల దగ్గర జరిగే పొరపాటు సమయాన్ని రెండింతలు తింటుంది. గాజుల సైజుల్లో చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.4 అంటే రెండంగుళాలూ పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60, 2.8 అయితే 63.5. కొనేవారి పాత గాజు లోపలి వ్యాసాన్ని స్కేలుతో కొలిపించి ఫొటో తెప్పించుకుంటే తిరిగి చేసే బాధ తప్పుతుంది.

పూస పాప చేతికి అందితే

ఈ వ్యాపారంలో రాజీ పడకూడని విషయం భద్రత. పసిపిల్లలు దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటారు. బొమ్మల భద్రతా పరీక్షల్లో వాడే చిన్న స్తూపాకారపు గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడే ఏ వస్తువైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. పూసలు, కుందన్లు, హుక్కులు, కమ్మల వెనక బిరడాలు దాదాపు అన్నీ ఆ కొలతలోపే ఉంటాయి. చిన్న తూకపు యంత్రాల్లో ఉండే బిళ్ల బ్యాటరీ ఇంకా ప్రమాదకరం. మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అలాంటి అనుమానం వస్తే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పని నేలమీద కాకుండా ఎత్తైన బల్లమీద, అంచున్న పళ్లెంలో సాగాలి. డబ్బాలకు బిగుతు మూతలు ఉండాలి, బీరువా పై అరలో తాళంలో ఉండాలి. పని ముగియగానే నేలమీద అరచేత్తో తడిమి చూడడం, అయస్కాంతం తిప్పి పిన్నులు ఏరడం రోజూ చేయాలి. గ్లూ గన్ ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఘాటైన జిగుర్లు, రెజిన్ వాడేది కిటికీలు తెరిచిన గదిలో, పాప లేనప్పుడే. రెజిన్ చర్మానికి పడకపోవచ్చు కాబట్టి గ్లవుజులు వేసుకోవాలి. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కొనేవారి పిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త. నికెల్ కలిసిన లోహం కొందరి చర్మానికి దురద, దద్దుర్లు తెప్పిస్తుంది. చవక మిశ్రమలోహాల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు పూసల నగలు చేసివ్వమని అడిగితే వద్దని చెప్పగలగడం కూడా వ్యాపార మర్యాదే.

ధర కట్టే లెక్క

ఎక్కువమంది ముడిసరుకు ఖర్చుమీద కొంత కలిపి ధర చెబుతారు. ఆ లెక్కలో చేతికి కూలి లేదు. ఉదాహరణకు ఒక గాజుల సెట్టుకు ముడిసరుకు 110 రూపాయలు, పెట్టె 20, పాడైన సరుకు, ఫోను, కరెంటు కింద మరో 20 అనుకుందాం. చేయడానికి, ఫొటో తీయడానికి, మెసేజీలకు బదులివ్వడానికి, ప్యాక్ చేయడానికి మొత్తం రెండున్నర గంటలు. దాన్ని 200కు అమ్మితే మిగిలేది 50 రూపాయలు, గంటకు 20. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. 8 గంటలకు పంచినా గంటకు 38 పైమాటే. చూపు నిలిపి, వేళ్లు అరగదీసి చేసిన నైపుణ్యపు పనికి మట్టిపనిలో దక్కేదానిలో సగం దక్కింది.

అదే సెట్టుకు గంటకు 60 రూపాయల కూలి వేస్తే ధర 300 అవుతుంది. ఆ ధరకు కొనేవారు తగ్గవచ్చు. తగ్గితే తల్లికి మిగిలేది తీరిక, నష్టం కాదు. దారులు రెండు: తక్కువ సమయంలో అయ్యే నమూనాలు ఎంచుకోవడం, లేదా ఎక్కువ ధర ఇచ్చే పెళ్లి సెట్లు చేయడం. ఆర్డరు చెప్పినప్పుడే సగం డబ్బు తీసుకోవడం, రంగు ఖరారయ్యాక మార్పులు లేవని ముందే రాసి పంపడం ఈ లెక్కను కాపాడతాయి. అమ్ముడయ్యాకే డబ్బు ఇస్తామనే దుకాణాలకు కొద్ది సరుకే ఇవ్వాలి, ఇచ్చిన ప్రతి వస్తువుకూ రసీదు ఉండాలి.

పంచాంగమే ఆర్డర్ల పుస్తకం

ఈ ప్రాంతంలో నగల గిరాకీ నెలనెలా ఒకేలా ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం పెళ్లిళ్ల నెలలు. శ్రావణంలో మంగళగౌరి నోములు, వరలక్ష్మీ వ్రతం గాజుల గిరాకీని పెంచుతాయి. ఆశ్వయుజంలో దసరా, అట్లతద్ది, పుష్యంలో సంక్రాంతి వస్తాయి. ఆషాఢంలో, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఆగుతాయి. అవే మట్టగాజులు చుట్టి నిల్వ చేసుకోవాల్సిన రోజులు. బిడ్డకు టీకాలు, పళ్లు వచ్చేటప్పటి జ్వరాలు పంచాంగం చూసి రావు కాబట్టి, చెప్పిన తేదీకి కనీసం నాలుగు రోజుల ముందే పని ముగిసేలా ఆర్డర్లు ఒప్పుకోవాలి.

సముద్రం దగ్గరుండడం మరో లెక్క. బాపట్ల, రేపల్లె గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. పూత నగలు త్వరగా నల్లబడతాయి, వానాకాలం దారానికి బూజు పడుతుంది. జిప్ కవర్లలో గాలి తీసి పెట్టడం, తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి పాపకు అందని చోట ఉంచడం అవసరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు కార్తీకమాసం నడుస్తోంది. తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే కొనేవారికి కబురుచేసి, కట్టిన పార్శిళ్లను ముందే పంపేయడం తీరప్రాంతపు వ్యాపారి నేర్వాల్సిన పద్ధతి. స్పీడ్ పోస్టు, కొరియర్లతో పాటు ఆర్టీసీ కార్గో ఉంది కాబట్టి రాష్ట్రంలోని ఊళ్లకు సరుకు పంపడం ఇప్పుడు కష్టం కాదు.

కాగితాలు, అప్పు, పన్ను

చిన్న వ్యాపారాల కోసం 2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం, ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. దానికి రుసుము అడిగేవారిని నమ్మకూడదు. 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. పురపాలక పట్టణాలైన ఈ మూడింటిలో పొదుపు సంఘాల వ్యవహారం పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూస్తుంది. సంఘంలో సభ్యత్వం ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు సులువు. అయితే తొలి ఏడాది అప్పు సరుకు కొనడానికే తప్ప ఇంటి ఖర్చుకు మళ్లకూడదు. అందుకే వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా ఉండాలి.

ఇమిటేషన్ నగలపై జీఎస్టీ 3 శాతం. రాష్ట్రంలోపలే సరుకు అమ్మేవారి వార్షిక అమ్మకాలు 40 లక్షలు దాటనంతవరకు ఆంధ్రప్రదేశ్‌లో నమోదు తప్పనిసరి కాదు. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి చిన్న అమ్మకందార్లు ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఈ-కామర్స్ సంస్థల ద్వారా కూడా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. పొరుగు రాష్ట్రాలకు పంపాలంటే నిబంధనలు వేరు. ముందుగా పన్ను సలహాదారును అడగడం మేలు.

బిడ్డను చూసే మరో చేయి

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం ఉద్యోగినులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. సొంతంగా పనిచేసుకునే తల్లికి అందులో చోటు లేదు. అర్హత ఉన్నవారికి ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద తొలి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 రూపాయలు అందుతాయి. కాన్పు నెలల్లో పని ఆపాలంటే అంతకుముందే కొంత దాచుకోక తప్పదు.

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ఇంటిచాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని చెప్పింది. నగల వ్యాపారం ఈ 299 నిమిషాలమీద మరో బరువుగా పడితే ముందు తగ్గేది తల్లి నిద్రే. కాబట్టి తండ్రి, అత్తమామలు, అమ్మానాన్నలు పాపను చూసే వేళలు గట్టిగా కుదుర్చుకోవడం వ్యాపార ప్రణాళికలో భాగం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) కింద నడిచే అంగన్‌వాడీలో మూడేళ్లు నిండిన పిల్లలకు ఆటపాటల చదువు ఉంటుంది. రోజులో అంతరాయం లేని పని గంటలు తల్లికి మొదటిసారి దొరికేది అప్పుడే.

వ్యాపారాన్ని పెంచడానికి తగిన సమయమూ అదే. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు దారం చుట్టే పని అప్పగించి, అతికే పని, అమ్మకం తన దగ్గర ఉంచుకునే పద్ధతి చేతినగల్లో సులువుగా కుదురుతుంది. వాళ్లలోనూ పసిబిడ్డల తల్లులు ఉంటారు. తన గంటకు ధర కట్టడం నేర్చిన మనిషి వాళ్ల గంటకూ అదే ధర కట్టి, కూలి చెల్లించి, ఆ ఖర్చును కూడా నగ ధరలో కలపాలి.