ల్యాప్‌టాప్ ప్రాసెసరు ఏల మందగించును?

2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ అను కంప్యూటరు సమీక్షకుల సంస్థ ఒక వింత ప్రయోగము చేసి, దాని వీడియోను లోకమునకు చూపినది. కంప్యూటరు ఒక ఆటను పూర్తి వేగముతో నడుపుచుండగా, ప్రాసెసరును చల్లబరచు హీట్‌సింకు అను లోహపు దిమ్మెను అమాంతముగా ఊడదీసిరి. ఏ.ఎం.డి. వారి అథ్లాన్ ప్రాసెసరు క్షణములలో పొగలు క్రక్కి మాడిపోయినది. ఇంటెల్ వారి పెంటియమ్ 3 స్తంభించి నిలిచిపోయినది. పెంటియమ్ 4 మాత్రము మాడలేదు, ఆగలేదు; ఆట నత్తనడకన సాగినది. దిమ్మెను మరల పెట్టగనే మునుపటి వేగము తిరిగి వచ్చినది.

నేడు మనము వాడు ప్రతి ల్యాప్‌టాప్‌లోను ఇట్టి రక్షణ యేర్పాటు ఉన్నది. కావున ల్యాప్‌టాప్ మందగించినప్పుడు దాని ప్రాసెసరు చెడినదని తలచుట తొందరపాటు. అనేక సందర్భములలో అది చెడలేదు. నెమ్మదిగా నడువుమని ఎవరో ఆజ్ఞ ఇచ్చినారు, అది పాటించుచున్నది. ఆ ఆజ్ఞ ఎక్కడి నుండి వచ్చినదో కనుగొనుటయే అసలు పని. అది కనుగొనకుండ విండోస్‌ను చెరిపి తిరిగి ఎక్కించుట, మెమరీ కొని తగిలించుట, చివరకు క్రొత్త యంత్రమునకై అప్పు చేయుట మన విద్యార్థులలో తరచు జరుగుచున్నది.

వేగమునకు, వేడిమికి ఉన్న సంబంధమును మొదట చూతము. ప్రాసెసరులోని కోట్లకొలది ట్రాన్సిస్టర్లు నిమిషనిమిషమునకు కాదు, సెకనుకు వందల కోట్ల పర్యాయములు తెరచుకొని మూసికొనుచుండును. ప్రతి పర్యాయమును కొంత విద్యుదావేశము నిండి ఖాళీ యగును. ఆ శక్తి యంతయు వేడిమిగా మారును. ఇట్లు ఖర్చగు సామర్థ్యము వేగమునకు అనులోమానుపాతములోను, వోల్టేజి యొక్క వర్గమునకు అనులోమానుపాతములోను ఉండును. వేగమును పెంచవలెనన్న వోల్టేజిని కూడ పెంచవలసి వచ్చును గనుక రెండును కలిసి వేడిమిని త్వరత్వరగా పెంచును. దీనినే తిరుగవేసి చూడుడు. వేగమును 20 శాతము, వోల్టేజిని 10 శాతము తగ్గించితిమనుకొందము. 0.8 ను 0.9 యొక్క వర్గముతో, అనగా 0.81 తో గుణించిన 0.648 వచ్చును. వేగములో ఐదవ వంతు వదలుకొన్న మాత్రాన వేడిమిలో మూడవ వంతుకు పైగా తగ్గినది! ప్రాణము మీదికి వచ్చినప్పుడు ప్రాసెసరు తన వేగమునే త్యాగము చేయుటలోని కిటుకు ఇదే.

ఇక పరీక్షకు వత్తము. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడును కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరచుకొనును. మెమరీ నిండిపోయినదా, డిస్కు నూరు శాతము పని చేయుచున్నదా చూడుడు. అట్లున్నచో దోషము ప్రాసెసరుది కాదు. ఏదైన ఒక ప్రోగ్రాము చాటున కూర్చుండి ప్రాసెసరును పీల్చుచున్నచో దాని పేరును అక్కడనే కనబడును. ఇవి సులభముగా తేలిపోవు సంగతులు.

అవి కావని తేలిన పిమ్మట, ప్రాసెసరుకు బరువైన పని యేదైన, ఉదాహరణకు ఒక పెద్ద వీడియోను ఒక రూపము నుండి మరొక రూపమునకు మార్చు పని, అప్పగించి, వేగమెంత ఉన్నదో గిగాహెర్ట్జ్‌లలో చూడవలెను. పని లేనప్పుడు వేగము తక్కువగా కనబడుట సహజము. విద్యుత్తును ఆదా చేయుటకు అది చేయు ఉపాయమది. ఉష్ణోగ్రతను చూపుటకు హెచ్‌డబ్ల్యూ ఇన్‌ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు కలవు. పని నడుచుచుండగా వేగమును, ఉష్ణోగ్రతను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఒక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు.

వేగము పడిపోయి, ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నిలిచియున్నచో వేడిమియే కారణము. పెక్కు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల ప్రాంతము హద్దు. మన వేసవి ఇక్కడ లెక్కలోనికి వచ్చును. చిప్పు నుండి గాలికి పోవు వేడిమి ఆ రెంటి ఉష్ణోగ్రతల భేదముపై ఆధారపడును. గది 25 డిగ్రీలున్నప్పుడు భేదము 75. మే నెలలో గది 40 డిగ్రీలైనచో భేదము 60 మాత్రమే, అనగా మునుపటిలో ఐదింట నాలుగు వంతులు. శీతకాలములో 40 వాట్ల వేడిమిని వెడలగొట్టగలిగిన పంకా, అదే వేగముతో తిరిగినను, ఇప్పుడు 32 వాట్లకు మించి వెడలగొట్టలేదు. ఆ మిగిలిన 8 వాట్లను ప్రాసెసరు మానుకొనవలసినదే. దీనికి తోడు యంత్రమును పరుపు మీద పెట్టినచో అడుగున గాలి పోవు రంధ్రములు మూసికొనును. హీట్‌సింకు రేకుల నడుమ దుమ్ము దట్టమైన నూలుగుడ్డ వలె పేరుకొనును. దానిని గాలితో ఊదునప్పుడు పంకా రెక్కలను వ్రేలితో పట్టి ఉంచవలెను. లేనిచో అవి మితిమీరి తిరిగి ఇరుసు చెడవచ్చును. చిప్పునకు లోహమునకు నడుమనుండు లేపనము సంవత్సరములు గడచిన కొలది ఎండి బీటలు వారును. ఆ సందులలో గాలి చేరును. రాగి ఉష్ణవాహకత గాలి ఉష్ణవాహకతకు సుమారు 15,000 రెట్లని తలచుకొన్నచో, వెంట్రుకవాసి గాలిపొర ఎంత పెద్ద అడ్డుగోడయో తెలియును.

వేడిమి సమస్య ఎల్లప్పుడు దుమ్ము వలననే కలుగదు. 2018 జూలైలో యాపిల్ సంస్థ క్రొత్త 15 అంగుళముల మాక్‌బుక్ ప్రోను విడుదల చేసినది. అందలి కోర్ ఐ9 ప్రాసెసరు సాధారణ వేగము 2.9, గరిష్ఠ వేగము 4.8 గిగాహెర్ట్జ్. డేవ్ లీ అను యూట్యూబు సమీక్షకుడు దానిపై ఒక వీడియోను సిద్ధపరచగా 39 నిమిషములు పట్టినది; అంతకు ముందటి యేటి యంత్రము అదే పనిని 35 నిమిషములలో ముగించినది. ఆయన క్రొత్తదానిని ఫ్రీజరులో పెట్టి నడుపగా 27 నిమిషములే పట్టినది. చిప్పులో శక్తి ఉన్నదనియు, దానిని వేడిమి అణచుచున్నదనియు ఈ ఒక్క పరీక్షతో తేటపడినది. జూలై 24న యాపిల్ వారు, ఉష్ణమును అదుపు చేయు ఫర్మ్‌వేరులో ఒక డిజిటల్ కీ లోపించినదని ప్రకటించి, సవరణను విడుదల చేసిరి. కావున తయారీదారు ఇచ్చు ఫర్మ్‌వేరు సవరణలు ఎక్కించితిమా లేదా చూచుకొనవలెను. ఫ్రీజరు పరీక్షను మాత్రము ఎవరును అనుకరింపరాదు. వెలుపలికి తీయగనే గాలిలోని తేమ లోపల నీరై నిలుచును.

అన్నిటికంటె చిక్కుపరచునది మూడవ సందర్భము: ఉష్ణోగ్రత 45, 50 డిగ్రీలే ఉండును, వేగము మాత్రము 0.4 లేక 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర కదలక మెదలక ఉండును. ఇంటెల్ ప్రాసెసరులలో ప్రాక్‌హాట్ అను ఒక సంకేతపు తీగ కలదు. 'ప్రాసెసరు వేడెక్కినది' అని తెలుపుట దాని పని. పేరు అట్లున్నను ఆ తీగపై సంకేతమును ప్రాసెసరే కాక, మదర్‌బోర్డు మీది ఇతర భాగములును పంపగలవు. విద్యుత్ సరఫరా వలయము వేడెక్కినను, చార్జరు చాలినంత విద్యుత్తు ఇయ్యదని తోచినను ఆ ఆజ్ఞ వెలువడవచ్చును. అప్పుడు ప్రాసెసరు ఎంత చల్లగానున్నను కనీస వేగమునకు దిగిపోవును.

మా విద్యార్థి యొకడు ఆన్‌లైను పరీక్షకు సిద్ధపడుచు ఇట్టి యంత్రమును తెచ్చినాడు. అప్పటికే రెండు మారులు విండోస్ తిరిగి ఎక్కించినారు, మెమరీయు కొన్నారు. టాస్క్ మేనేజరులో వేగము 0.39. చార్జరును ఊడదీసి బ్యాటరీపై నడుపగనే అది 3 గిగాహెర్ట్జ్‌లకు ఎగిరినది! కొన్ని సంస్థల చార్జర్లలో, తాను ఎన్ని వాట్లు ఇయ్యగలదో యంత్రమునకు తెలుపు చిన్న చిప్పు ఉండును. ప్లగ్గు మధ్యనున్న సన్నని సూది ఆ వార్తను మోయును. ఇతని ప్లగ్గులో ఆ సూది వంగియుండెను. చార్జరు ఎవరో తెలియక యంత్రము భయపడి నడచుచున్నది. యూఎస్‌బీ-సీ ప్లగ్గులు గల యంత్రములలోను చార్జరు, ల్యాప్‌టాప్ ముందుగా మాట్లాడుకొని వాట్లను నిర్ణయించుకొనును. 65 వాట్లు కోరు యంత్రమునకు ఫోను చార్జరును తగిలించుట పనికిరాదు.

చార్జరు ఉన్నప్పుడు, లేనప్పుడు వేగమును పోల్చుట ఖర్చులేని పరీక్ష. తరువాత విండోస్‌లోని పవర్ మోడ్ ఏ అమరికలో ఉన్నదో చూడవలెను. యంత్రమును ఆపి, చార్జరును తీసి, పవర్ మీటను అర నిమిషము అదిమి పట్టిన కొన్ని మారులు చిక్కుకొన్న సంకేతము విడిపోవును. బయటి భాగములు పంపు ప్రాక్‌హాట్ సంకేతమును ప్రాసెసరు లెక్కచేయకుండ చేయు థ్రాటిల్‌స్టాప్ అను ప్రోగ్రామొకటి ఉన్నది. దానితో వేగము తిరిగి వచ్చినచో ఆజ్ఞ వెలుపలి నుండి వచ్చుచున్నదని రుజువగును. ఆ పరీక్షకు మించి దానిని వాడుట నాకు సమ్మతము కాదు. ప్రాసెసరు తన స్వంత హద్దును తాను కాచుకొనును గాని, విద్యుత్ సరఫరా వలయమునకు ఉన్న రక్షణ తొలగిపోవును. నిజముగానే ఆ వలయము కాలుచున్నచో మదర్‌బోర్డు మొత్తము పోవును. చార్జరు, బ్యాటరీ, అమరికలు అన్నియు సరిగానుండియు ఆజ్ఞ ఆగనప్పుడు, బోర్డు మీది సెన్సారు చెడియుండవచ్చును. దానిని మీటరు పెట్టి చూడగల మరమ్మతుదారుని కడకు కొనిపోవలెను.