భయపడవలసింది ఎవరికి?



అన్నం తిననని మారాం చేసే పిల్లలతో మనం ఏమంటాం? “అదిగో బూచాడు, పట్టుకుపోతాడు” అంటాం. నేనూ అన్నదాన్నే. కోరలూ కొమ్ములూ ఉన్నవాడే చెడ్డవాడని అలా మనమే నేర్పుతున్నాం. మన జానపద, పౌరాణిక చిత్రాలు మాత్రం ఆ మాట చెప్పవు.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’, 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మీరందరూ చూసే ఉంటారు. రెంటికీ దర్శకులు కె.వి. రెడ్డిగారు. మాటలు రాసినవారు మన రాజాంలో పుట్టిన పింగళి నాగేంద్రరావుగారు. మొదటిదాంట్లో మాంత్రికుడూ, రెండోదాంట్లో ఘటోత్కచుడూ ఎస్.వి. రంగారావుగారే.

మాంత్రికుడు మనిషే, కోరలు లేవు. తోటరాముడికి డబ్బు అవసరమని కనిపెట్టి, తియ్యగా మాట్లాడి వెంటబెట్టుకు వెళతాడు. లోపల ఉన్నది మాత్రం అతన్ని బలి ఇవ్వాలని. రాముడి మీదికి నోరు తెరుచుకు వచ్చిన మొసలేమో శాపం తీరి స్త్రీగా మారి, ఆ మోసం సంగతి చెప్పి ప్రాణం కాపాడుతుంది. చూశారా!

ఘటోత్కచుడు రాక్షసుడు. చూస్తే గుండె జారుతుంది. కాని వచ్చింది పినతల్లి సుభద్ర అని తెలియగానే ఆమెకు మొక్కి, తమ్ముడి పెళ్లి భారం నెత్తిన వేసుకుంటాడు. ఆ పెళ్లి చెడగొట్టబోయింది రాక్షసులు కారు. బంధువుల్లా వచ్చిన శకుని దుర్యోధనులూ, పాండవుల సిరి పోగానే మనసు మార్చుకున్న కన్నతల్లి రేవతీ.

రాక్షసుణ్ణి చూస్తే తలుపు వేసుకుంటాం. మనిషి వస్తే మనమే తలుపు తీసి కాఫీ ఇస్తాం. తేడా అంతా అక్కడే ఉంది.

నాకు తెలిసిన ఒకింట్లో, తరచూ వచ్చే ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్లనని పాప ఏడ్చేది. “తప్పమ్మా, మావయ్య చాక్లెట్ ఇస్తాడు, వెళ్లు” అని తల్లే పంపేది. అసలు సంగతి తెలిసేసరికి చాలా రోజులైంది. “బూచాడి గురించి చెప్పానుగాని, ఇలాంటివాళ్ల గురించి చెప్పలేదండీ” అని ఆ తల్లి నా దగ్గర కుమిలిపోయింది.

కనుక కథలు మానకండి. చెప్పాక, “ఇందులో చెడ్డవాడెవరు? నీకెలా తెలిసింది?” అని అడగండి. ముఖం చూసి కాదు, చేసిన పని చూసి చెప్పడం వాళ్లకు అలవాటవుతుంది. “అమ్మతో చెప్పకు” అని ఎవరన్నా సరే, ఆ మాట ముందు అమ్మకే చెప్పాలని నేర్పండి. చెబితే కోప్పడనని మీరూ మాటివ్వండి. ఎవరి దగ్గరికైనా వెళ్లనని పిల్ల మొరాయిస్తే, బలవంతంగా పంపకండి. ఎందుకని నెమ్మదిగా అడగండి.