పొగగొట్టపు పొయ్యి

పొగగొట్టపు పొయ్యి అనగా కట్టెలు, బొగ్గు, పిడకలు వంటి ఘన ఇంధనాన్ని ఇంటి లోపల మండించి, వచ్చిన పొగను ఒక గొట్టం ద్వారా కప్పు పైకి పంపే పొయ్యి. దీనిని వాడుకలో పొగలేని పొయ్యి, పొగరాని పొయ్యి అని కూడా అంటారు. ఈ పేర్లు కొంత తప్పుదారి పట్టిస్తాయి. పొగ పుట్టడం మానదు, ఇంట్లో నిలవకుండా బయటకు పోతుంది, అంతే. చలి దేశాలలో గది వెచ్చదనం కొరకు గోడలో కట్టే ఫైర్‌ప్లేస్, ఆంధ్ర దేశంలో వంట కొరకు కట్టే ఈ పొయ్యి ఒకే సూత్రం మీద పని చేస్తాయి. రెండింటిలోనూ గొట్టం సరిగా అమరకపోతే పొయ్యి ఎంత బాగా కట్టినా ప్రమాదమే.

చరిత్ర

వార్ధాలోని మగన్‌వాడీలో 1947 ప్రాంతంలో రూపొందిన మగన్ చుల్హా భారతదేశంలో ఈ తరహా పొయ్యిలలో మొదటివాటిలో ఒకటి. తెలుగు ప్రాంతానికి సంబంధించి చెప్పుకోదగినది హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి.రాజు రూపొందించిన పొయ్యి. ఆ సంస్థ ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలను బట్టి దానికి హెర్ల్ చుల్హా అని పేరు వచ్చినది. దీనిని గురించి ఆయన వ్రాసిన ఆంగ్ల పుస్తకం 1953లో వెలువడినది.

కేంద్ర ప్రభుత్వం 1983లో ప్రారంభించిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం క్రింద దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. 2002లో ఆ కార్యక్రమం ముగిసినది. ఈలోగా ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చి, పేద కుటుంబాల మహిళలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలైనది. అయినప్పటికీ నీళ్ళు కాచుకోవడానికి, ధాన్యం ఉడకబెట్టడానికి కట్టెల పొయ్యిని వదలని ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.

పని చేసే విధానం

వేడెక్కిన గాలి తేలికై గొట్టంలో పైకి లేస్తుంది. దాని స్థానంలోకి పొయ్యి నోటి నుండి కొత్త గాలి వస్తుంది. ఈ లాగుడు బలం రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: గొట్టం ఎత్తు, లోపలి గాలి వేడి. అందువలన పొట్టి గొట్టం సరిగా లాగదు. గొట్టంలో వంపులు పెరిగే కొద్దీ లాగుడు తగ్గుతుంది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు కొత్తగా వెలిగిస్తే మొదట పొగ గదిలోకే వస్తుంది. కొద్దిగా కాగితమో ఎండుటాకో గొట్టం మొదట్లో మండించి దానిని వేడెక్కిస్తే దారి తెరుచుకుంటుంది.

గదిలోకి బయటి గాలి వచ్చే దారి తప్పనిసరిగా ఉండాలి. తలుపులు, కిటికీలు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే, ఆ ఫ్యాను పొగగొట్టంలోని గాలిని వెనక్కి లాగి పొగను ఇంట్లోకి దింపుతుంది. గ్యాసు పొయ్యి మీద విద్యుత్ చిమ్నీ బిగించుకున్న ఇళ్ళలో అదే వంటగదిలో కట్టెల పొయ్యి కూడా ఉంటే ఈ చిక్కు ఎదురవుతుంది.

అమరిక

పొయ్యిని ఇటుకలతో, బంకమన్నుతో కట్టడం మంచిది. మామూలు సిమెంటు ఎక్కువ వేడికి పగుళ్ళు తీస్తుంది. ఏటి రాళ్ళను మంట తగిలే చోట పెట్టరాదు. లోపల చిక్కిన నీరు ఆవిరై రాయి పేలే అవకాశం ఉన్నది. కట్టిన తరువాత మన్ను పూర్తిగా ఆరే వరకు ఆగి, మొదట చిన్న మంటలతో కాచాలి.

కట్టెకు, బొగ్గుకు ఒకే పొయ్యి సరిపోదు. కట్టె బూడిద పరుపు మీద చక్కగా మండుతుంది. బొగ్గుకు అడుగు నుండి గాలి అందాలి కనుక ఇనుప జాలీ కావాలి, పైగా దాని వేడి ఎక్కువ. పూర్వం పట్టణాలలో విరివిగా వాడిన రంపపు పొట్టు పొయ్యి, ఊక పొయ్యి సాధారణంగా గొట్టం లేకుండా తయారయ్యేవి. వాటిని ఆరుబయట వాడడమే మేలు. పలాస ప్రాంతంలో సులువుగా దొరికే జీడి తొక్కలను ఇంటి పొయ్యిలో వేయరాదు. వాటిలోని జీడి నూనె మండితే వచ్చే పొగ కళ్ళను, గొంతును తీవ్రంగా బాధిస్తుంది.

గొట్టం కప్పును దాటే చోటు అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఒకే పొర గల ఇనుప గొట్టానికి, మండే స్వభావం ఉన్న వస్తువుకు మధ్య కనీసం 18 అంగుళాల ఖాళీ ఉండాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి. శ్లాబు ఇంటిలో ఇది పెద్ద సమస్య కాదు. పెంకుటింటిలో వాసాలు, దూలాలు చూసుకొని గొట్టం పంపాలి. తాటాకు కప్పుకు రంధ్రం చేసి గొట్టం పంపడం మాత్రం నిప్పును కప్పుకు పరిచయం చేయడమే. అటువంటి ఇళ్ళలో పొయ్యిని కప్పుకు దూరంగా వేరే పాకలో, మట్టి గోడల మధ్య పెట్టుకోవడం తప్ప మరో మార్గం లేదు.

గొట్టం కొన కప్పును దాటే చోటు నుండి కనీసం 3 అడుగులు, చుట్టూ 10 అడుగుల లోపల ఉన్న ఏ కట్టడానికైనా కనీసం 2 అడుగులు ఎత్తున ఉండాలన్నది అదే ప్రమాణాలలోని మరో నియమం. విశాఖపట్నం పాత నగరంలో పూర్ణా మార్కెట్ పరిసరాల వంటి ఇరుకైన పేటలలో ఈ నియమానికి కష్టం వస్తుంది. పక్కనే ఎత్తైన మేడ ఉంటే దాని మీదుగా దిగే గాలి గొట్టంలోకి తోసుకువచ్చి పొగను వెనక్కి నెడుతుంది. బయటకు పోయిన పొగ ఎదురింటి కిటికీలో దూరుతుంది. గొట్టాన్ని మేడకంటే ఎత్తుకు లేపడం వీలుకాని చోట ఘన ఇంధనాన్ని మానుకోవడమే సరైన నిర్ణయం.

సముద్రతీరం కావడం వలన విశాఖలో మరో రెండు జాగ్రత్తలు అవసరం. ఉప్పుగాలికి పలుచని ఇనుప రేకు గొట్టం త్వరగా తుప్పు పడుతుంది, చిల్లులు చాలాసార్లు మసి పొర క్రింద కనబడవు. రెండవది తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరం వద్దనే తీరం దాటినది. కప్పు మీద నిలబెట్టిన గొట్టాన్ని ఇనుప పట్టీలతో పిట్టగోడకు బిగించకపోతే పెనుగాలికి అది ఎగిరిపడి మనుషులకు తగులుతుంది. వాన నీరు పడకుండా గొట్టం కొనపై టోపీ పెట్టాలి, అయితే అది పొగ దారిని మూయకూడదు.

విషవాయువు

ఇంధనం పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన లేవు. ఇది రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే ఎంతో గట్టిగా కలిసిపోతుంది. తలనొప్పి, వికారం, మగత దీని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఇవి తెలియవు. లంబసింగి, అరకు వంటి చలి ప్రాంతాలలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవడం ఈ కారణంగానే అత్యంత ప్రమాదకరం. కణకణలాడే బొగ్గు పొగ రానందున క్షేమమని అనుకుంటారు, కానీ విషవాయువు అప్పుడే ఎక్కువ. లక్షణాలు కనబడితే మనిషిని వెంటనే ఆరుబయటకు చేర్చి 108కి ఫోను చేయాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్ళలోని వాయు కాలుష్యం వలన ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారు. పొయ్యి దగ్గర ఎక్కువ సేపు గడిపే స్త్రీలు, వారి వెంట ఉండే పసిపిల్లలు ఈ పొగను ఎక్కువగా పీలుస్తారు.

నిర్వహణ

పచ్చి కట్టె మండితే గొట్టం లోపల జిగురు వంటి మసి పేరుకుంటుంది. దీనిని క్రియోసోట్ అంటారు. అది అంటుకుంటే గొట్టమంతా ఒక మంటగా మారుతుంది, కప్పుకు నిప్పు పాకుతుంది. కావున సరుగుడు, తుమ్మ వంటి కట్టెలను చీల్చి, నెలల తరబడి ఎండబెట్టి వాడాలి. రోజూ వంట చేసే పొయ్యి గొట్టాన్ని తరచుగా, ఎంత తక్కువ వాడినా ఏడాదికి ఒకసారైనా దులపాలి.

ఈ పని ఎంత ముఖ్యమో పొరుగున ఉన్న ఒడిశాలో జరిగిన ఒక పరిశోధన చూపినది. రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ మెరుగైన పొయ్యిలు పొందిన కుటుంబాలను నాలుగేళ్ళ వరకు పరిశీలించారు. మొదటి సంవత్సరం పీల్చే పొగ తగ్గినది. ఆ తరువాత ఆ మేలు మాయమైనది. పొయ్యిలు పగిలాయి, వాటిని బాగు చేసుకోవడానికి తగిన శ్రద్ధ పెట్టలేదు, వాడకం తగ్గిపోయినది. ఆ పొయ్యిలకూ గొట్టాలు ఉన్నాయి. పొయ్యిని ఇచ్చి వెళ్ళిపోయే పథకాల లోపం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

పాత పొయ్యిలకు చాలా చోట్ల ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలు అమర్చారు. వాటిని రంపంతో కోయరాదు, పగులగొట్టరాదు. లేచే ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏళ్ళ తరువాత క్యాన్సరుకు దారి తీయవచ్చు. తీసివేయవలసి వస్తే నీటితో తడిపి, ముక్కలు కాకుండా దించాలి.