ఎడారి జీవుల నీటి లెక్క

ఒంటె తన మూపురంలో నీరు నిల్వ చేసుకుంటుందని తరతరాలుగా పిల్లలకు చెబుతూ వస్తున్నారు. అది నిజం కాదు. మూపురంలో ఉండేది కొవ్వు. మేత దొరకని రోజుల్లో అది కరిగి శక్తినిస్తుంది. కొవ్వు కరిగినప్పుడు కొంత నీరు పుట్టే మాట వాస్తవమే. అయితే అందుకు కావలసిన ప్రాణవాయువును పీల్చుకునే క్రమంలో ఊపిరి వెంట దాదాపు అంత నీరూ బయటకు పోతుంది. ఒంటె రహస్యం నిల్వలో లేదు, పొదుపులో ఉంది.

రాజస్థాన్‌లో థార్ ఎడారి ప్రాంతంలోని ఫలోడీలో 2016 మే 19న 51 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. చుట్టూ ఉన్న గాలి శరీరం కంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటిని చల్లబరచుకునేందుకు ప్రాణికి మిగిలే దారి నీటిని ఆవిరి చేయడమే. మనిషి చెమటోడుస్తాడు. కుక్క నాలుక చాపి రొప్పుతుంది. ఎండలో బండి లాగే ఎద్దు ఆ రెండూ చేస్తుంది. తాగేందుకు నీరున్నంత కాలం ఈ పద్ధతికి తిరుగు లేదు. నీరు లేని చోట అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఒంటె ఈ చిక్కును ఎలా దాటుతుందో శాస్త్రీయంగా కొలిచి చూపినవాడు క్నుట్ ష్మిట్ నీల్సన్. 1953-54లో ఆయన అల్జీరియాలోని సహారా ఎడారిలో ఒంటెలపై పరిశోధనలు జరిపాడు. రోజూ నీరు తాగే ఒంటె శరీర ఉష్ణోగ్రత పెద్దగా మారదు. దప్పికతో ఉన్న ఒంటెది మాత్రం తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, సాయంత్రానికి 40 దాటుతుంది. మనిషికైతే అది తీవ్రమైన జ్వరం. ఒంటె ఆ వేడిని పగలంతా ఒంట్లోనే భరించి, రాత్రి చల్లగాలికి ఒక్క చుక్క ఖర్చు లేకుండా వదిలేస్తుంది. 500 కిలోల ఒంటెకు ఈ ఒక్క ఏర్పాటు వల్లనే రోజుకు సుమారు 5 లీటర్ల నీరు మిగులుతుంది.

ఒంటి మీది బొచ్చుదీ ఇదే పని. వేసవిలో అంత బొచ్చు ఎందుకని అనిపించడం సహజం. కానీ బొచ్చు కత్తిరించిన ఒంటె కత్తిరించని దానికంటే సుమారు సగం ఎక్కువగా చెమట పోస్తుందని ఆ పరిశోధనల్లోనే తేలింది. ఎండలో తిరిగే పల్లెవాసులు తలకు గుడ్డ చుట్టుకోవడంలోని తర్కమే ఇది. కొవ్వంతా మూపురంలో ఒకే చోట చేరడం వల్ల మిగిలిన శరీరం నుంచి వేడి సులువుగా బయటకు పోతుందనీ శాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇంత పొదుపు చేసినా నీరు తరగక మానదు. మండుటెండలో శరీర బరువులో పది పన్నెండు శాతం నీరు కోల్పోతే మనిషి ప్రాణానికి ముప్పు. రక్తం చిక్కబడి, లోపలి వేడిని చర్మానికి చేర్చలేకపోవడమే అందుకు కారణం. ఒంటె ఇరవై అయిదు శాతం కోల్పోయినా నిలబడగలదు, ఎందుకంటే దాని నీరు ఎక్కువగా కణజాలాల నుంచి పోతుంది గాని రక్తం నుంచి కాదు. డొక్కలు ఎండి, ఎముకలు తేలిన ఆ ఒంటె నీటి తొట్టి చేరితే పది నిమిషాల్లో వంద లీటర్ల దాకా తాగేస్తుంది. ఇతర జంతువులైతే ఒక్కసారిగా చేరిన అంత నీటికి ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగిలిపోయే ప్రమాదముంది. ఒంటె రక్తకణాలు కోడిగుడ్డు ఆకారంలో ఉండి, బాగా ఉబ్బినా సులువుగా పగలవు.

చిన్న జీవులకు ఈ ఉపాయం పనికిరాదు. గుప్పెడంత శరీరం క్షణాల్లో వేడెక్కుతుంది. అందుకే అవి ఎండను భరించవు, తప్పించుకుంటాయి. థార్‌లోని జెర్బిల్ ఎలుకలు ఇసుకలో బొరియలు తవ్వుకుంటాయి. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుక పగలంతా బొరియలో గడిపి రాత్రి బయటకు వస్తుంది. జీవితమంతా నీరు తాగకపోయినా దానికి లోటు లేదు. తిన్న ఎండు గింజలు ఒంట్లో జీర్ణమై శక్తిగా మారేటప్పుడు పుట్టే నీరే దానికి చాలు.

పక్షులకు బొరియ లేదు, రెక్కలున్నాయి. ఆఫ్రికాలోని నమీబ్, కలహారి ఎడారుల్లో తిరిగే సాండ్‌గ్రౌజ్ అనే పక్షుల్లో మగది నీటి గుంటలో దిగి పొట్ట ఈకలను తడుపుకుంటుంది. ఆ ఈకల్లోని మెలికల పోగులు విచ్చుకుని సుమారు 25 మిల్లీలీటర్ల నీటిని పట్టుకుంటాయి. అది అనేక కిలోమీటర్లు ఎగిరి గూటికి చేరగానే పిల్లలు ఆ ఈకలను ముక్కులతో పీల్చి దాహం తీర్చుకుంటాయి. ఈ జాతి బంధువులు దక్కన్ పీఠభూమి మెట్ట భూముల్లోనూ కనిపిస్తాయి.

భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ ఉపాయాల్లో ఏది నిలుస్తుందన్న ప్రశ్నకు అమెరికాలోని మొహావే ఎడారి కొంత జవాబిచ్చింది. అక్కడ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో జోసెఫ్ గ్రినెల్ బృందం జీవుల జాబితాలు రాసిపెట్టింది. అవే చోట్లను మళ్లీ పరిశీలించగా, ఒక్కో చోట సగటున 43 శాతం పక్షి జాతులు కనుమరుగైనట్లు 2018లో వెల్లడయింది. బొరియల్లో ఉండే చిన్న క్షీరదాలు మాత్రం పెద్దగా తగ్గలేదని 2021లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఒంటిని చల్లబరచుకునేందుకు పక్షికి కావలసిన నీరు పెరిగింది. ఎలుకకు బొరియలో నేల ఇంకా చల్లగానే ఉంది.

మన దేశంలో ఒంటెకు వచ్చిన కష్టం ఎండ వల్ల కాదు. 2012 పశుగణనలో సుమారు 4 లక్షలున్న ఒంటెలు 2019 నాటికి రెండున్నర లక్షలకు పడిపోయాయి. ఈ మధ్యలో, 2014లో, రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది కూడా. బరువు మోసే పని ట్రాక్టర్లకు, జీపులకు పోయింది. మేత బీళ్లు సాగులోకి పోయాయి. తరతరాలుగా ఒంటెలనే నమ్ముకున్న రైకా కుటుంబాల పిల్లలు పట్నాల్లో కూలి పనులు వెతుక్కుంటున్నారు.